పోను రెండు గంటల ఇరవై, రాను ఇరవై నిమిషాలేనా?

ప్రశ్న: మా అమ్మాయి లండన్‌లో ఉంటుంది. జూన్‌లో మేమిద్దరం వెళ్తున్నాం. నాలుగు రోజులు పారిస్ కూడా చూపిస్తానంటోంది. తను పంపిన టికెట్లలో లండన్‌లో ఉదయం 10కి ఎక్కితే పారిస్‌లో 12.20కి దిగుతామని ఉంది. వచ్చేటప్పుడు 3కి బయల్దేరి 3.20కల్లా లండన్! పోయేటప్పుడు ఎదురుగాలి ఉంటుందంటారు మావారు. ఎంత దూరమండీ అది?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: అక్కడ గాలి ఎక్కువగా పడమర నుంచే వీస్తుందమ్మా. అంటే పారిస్ పోయేటప్పుడే వెనక నుంచి తోస్తుంది. మీవారి లెక్క తిరగబడింది.

అసలు కిటుకు గడియారంలో ఉంది. పారిస్ టైము లండన్ కంటే గంట ముందు. టికెట్ మీద ఎక్కే టైము ఎక్కే ఊరిది, దిగే టైము దిగే ఊరిది. అందుకే పోయేటప్పుడు గంట కలిసింది, వచ్చేటప్పుడు గంట తరిగింది. ఎటు వెళ్లినా ప్రయాణం గంటా ఇరవై నిమిషాలే. దేశమంతా ఒకే టైముతో బతికేవాళ్లం కదా, మనకిది వింతగానే ఉంటుంది.

దూరం గాల్లో తిన్నగా 345 కి.మీ. దాకా. బెజవాడ నుంచి విశాఖకు రైల్లో ఎంతో, ఇంచుమించు అంత. గాల్లో ఉండేది గంట లోపే. మిగతాదంతా విమానం రన్‌వే దాకా పాకడం, వరసలో ఆగడం.

నిజానికి సూర్యుణ్ణి బట్టి చూస్తే ఆ రెండూళ్లకీ తేడా పది నిమిషాలే. 1940లో జర్మన్ సైన్యం పారిస్‌ని పట్టుకుని గడియారాలను బెర్లిన్ టైముకు తిప్పింది. యుద్ధం ముగిసినా ఫ్రాన్స్ ఆ టైములోనే ఉండిపోయింది.

గవర్నరుపేటలో పాతికేళ్లు టికెట్లు రాసిన నేనే ఈ గంట దగ్గర బోల్తా పడ్డాను. పారిస్‌లో నా పాత హెచ్‌ఎంటీ వాచీని నమ్ముకుని తీరిగ్గా కాఫీ తాగి స్టేషనుకి వెళ్తే, గేటు వేసేసి ఉంది. వాచీ ఇంకా లండన్‌లోనే ఉంది మరి! మా ఆవిడ సెల్‌ఫోన్ దానంతటదే మారింది. ఆవిడ చెబుతూనే ఉంది, నేనే వినలేదు.

అన్నట్టు, రైలు సంగతి కూడా ఆలోచించండి. లండన్ సెయింట్ పాంక్రాస్‌లో ఎక్కితే రెండుంబావు గంటల్లో పారిస్ గార్ దు నోర్. మధ్యలో సముద్రం కింద సొరంగం, మొత్తం 50 కి.మీ.; 1994లో తెరిచారు. చూడటానికేం ఉండదు, కిటికీలో చీకటే. కానీ ఊరి మధ్యలో ఎక్కి ఊరి మధ్యలో దిగుతారు. విమానమైతే ఎయిర్‌పోర్టులకు పోను రాను, చెకింగులు కలిపి సగం రోజు హారతి కర్పూరం. అదీగాక లండన్ పేరు చెప్పే ఎయిర్‌పోర్టులు చాలా ఉన్నాయి: హీత్రో, గాట్విక్, లూటన్, స్టాన్‌స్టెడ్... టికెట్లో ఏది ఉందో అమ్మాయినడగండి.

ఇంకోటి, టికెట్ కంటే ముందు చూసుకోవాల్సింది. బ్రిటన్ వీసాతో పారిస్‌లో అడుగు పెట్టనివ్వరు. ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా విడిగా కావాలి. అక్కడికెళ్లాక చూద్దాంలే అనుకోకుండా, ఇక్కడున్నప్పుడే ఇద్దరికీ తీసుకోండి.