తూగేది ఏది, తూచేది ఎవరు?

సందేహం: ‘పెట్టె 10 కిలోలు తూచింది’ అని ఒక వార్తలో చదివాను. ‘తూగింది’ అనాలి కదా? బరువును ‘కొలిచారు’ అనడం కూడా తప్పేనా?

సమాధానం: మొదటిది తప్పే. పెట్టె తూగుతుంది, మనిషి తూస్తాడు. పెట్టె చేతికి త్రాసు ఇస్తే ఎలాగండీ?

అసలు ‘తూగు’ అంటే ముందు వేలాడడం, ఊగడం. తమిళంలో ‘తూంగు’ అంటే వేలాడు, ఊగు, నిద్రపోవు కూడా. ‘తూక్కు’ అంటే పైకెత్తు, తూచు. కన్నడంలోనూ ‘తూగు’ ఊపుకూ తూకానికీ ఉమ్మడి మాటే. మనకు తూగుటుయ్యాల ఉంది, నిద్రమత్తులో తూగేవాళ్ళున్నారు, మంచి పాటకు తూగు ఉంటుంది. త్రాసు పట్టి ఎత్తితే పళ్ళేలు ఊగుతాయి. ఆ ఊపు ఎక్కడ నిలిస్తే అదే తూకం. కంటితో చూసి పెట్టుకున్న పేరు!

సంస్కృతంలోని ‘తుల’ది వేరే వంశం. తులం, తుల్యం, అతులం దాని సంతానం. ఈ రెండు వంశాలూ వియ్యమందితే పుట్టింది ‘తులతూగు’. సిరిసంపదలతో తులతూగమని దీవిస్తే, ఒక పళ్ళెంలో సిరి, రెండో పళ్ళెంలో మీరు, ముల్లు నిటారుగా నిలవాలని. ఇప్పుడు దీన్ని ‘మునిగితేలు’కు బదులుగా వాడేస్తున్నారు. ‘కష్టాలతో తులతూగుతున్న కుటుంబం’ అన్న వాక్యం చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను.

ఇక కొలవడం. కుంచం, మానిక, సోల గింజలు ఎంత పట్టాయో చెప్పే కొలతలు. పలం (3 తులాలు), వీశ (120 తులాలు), మణుగు (8 వీశలు) తూనికలు. రెండూ ఒకటే అయితే ‘తూనికలు, కొలతలు’ అని జంటగా అనడం ఎందుకు? అయినా కాలాన్నీ వేడినీ కొలుస్తున్న భౌతికశాస్త్రంలో బరువును కూడా కొలిచామంటే నేను పేచీ పెట్టను. నిజానికి అక్కడ ఒక సొగసు ఉంది. త్రాసు వస్తువును రాళ్ళతో సరితూచి ద్రవ్యరాశిని చెబుతుంది. చంద్రుడి మీదా అదే లెక్క. స్ప్రింగు కాటా చూపేది లాగే బలాన్ని. చంద్రుడి మీద అది ఆరో వంతుకు పడిపోతుంది. త్రాసుది తూనిక, కాటాది కొలత అని పంచితే బాగుంటుందని నా ముచ్చట. నియమం అనను.

మీరు చదివిన విలేకరిని మరీ తిట్టకండి. ‘10 కిలోల బరువును కలిగి ఉంది’ అని రాసేవారి కంటే నయం. తప్పుగానైనా తెలుగు క్రియను వాడాడు.