కొత్త క్లచ్ ఎక్కువ కాలం రావాలంటే ముందు ఎడమ కాలి అలవాటు మారాలి

మీ ప్రశ్న చదివాను. రెండు నెలల క్రితం సెకండ్ హ్యాండ్ పెట్రోల్ కారు కొన్నారు. ట్రాఫిక్‌లో బండి జర్కులు కొడుతోంది, ఇంటికి వచ్చేసరికి ఎడమ కాలు లాగేస్తోంది, మెకానిక్ చూసి క్లచ్ ప్లేట్ వీక్ అయిందన్నాడు. మార్పిస్తే మళ్లీ పోకుండా గేర్లు ఎలా వేయాలి అని అడిగారు.

నేను పదమూడేళ్లుగా మాన్యువల్ కారే నడుపుతున్నాను. మొదటి కారుకి 34 వేల కిలోమీటర్లకే క్లచ్ కాలిపోయింది. ఇప్పుడున్న కారు 96 వేలు దాటింది, షోరూమ్ నుంచి వచ్చిన క్లచ్చే ఇంకా ఉంది. కాబట్టి ఈ తేడా ఎక్కడ వచ్చిందో చెబితే మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి కారు రోజుల్లో కూకట్‌పల్లి నుంచి పంజాగుట్ట దాకా రోజూ ఆఫీసుకి వెళ్లేవాడిని. మెట్రో పిల్లర్ల పనులు జరుగుతున్న కాలం. బండ్లు అంగుళం అంగుళం కదిలేవి. ఎప్పుడు కదలాల్సి వస్తుందో అనే టెన్షన్‌తో ఫస్ట్ గేర్ వేసి, క్లచ్ సగం తొక్కి పట్టుకునేవాడిని. ఎత్తు ఉన్న చోట బ్రేక్ బదులు హాఫ్ క్లచ్ మీదే బండిని నిలబెట్టేవాడిని. అది నైపుణ్యం అనుకునేవాడిని కూడా. ఒక సాయంత్రం ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఏదో కాలిన వాసన వచ్చింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తోంది తప్ప బండి లాగడం లేదు. వెనక అందరూ హారన్లు. ఎలాగో పక్కకి తీసి ఆపాను. షెడ్డులో విప్పి చూపించినప్పుడు ప్లేట్ మీద ఉండాల్సిన మెటీరియల్ దాదాపు రివెట్ల దాకా అరిగిపోయి ఉంది. ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు పడ్డాయి. అవి వేడికి వచ్చిన మచ్చలని మెకానిక్ చెప్పాడు.

లోపల జరిగేది ఇదీ. పెడల్ పూర్తిగా వదిలితే ప్రెషర్ ప్లేట్ అనే స్ప్రింగ్ ఉన్న భాగం, గేర్‌బాక్స్‌కి కలిసి ఉండే క్లచ్ ప్లేట్‌ని ఫ్లైవీల్‌కి గట్టిగా అదిమి పడుతుంది. మూడూ కలిసి తిరుగుతాయి, రాపిడి ఉండదు. పూర్తిగా తొక్కితే ప్లేట్ విడిపోతుంది, అప్పుడూ రాపిడి ఉండదు. అరుగుదల అంతా మధ్యలోనే, ఒకటి వేగంగా, ఇంకొకటి నెమ్మదిగా తిరుగుతూ ఒరుసుకునే ఆ కొద్ది సమయంలోనే. గేర్ మార్చేటప్పుడు అది సెకనో, సెకనున్నరో ఉంటుంది, దానికి క్లచ్ తట్టుకుంటుంది. నేను దాన్ని నిమిషాల పాటు సాగదీశాను. నడిపేటప్పుడు పెడల్ మీద పాదం ఊరికే ఆనించి ఉంచడం కూడా ఇలాంటిదే. ఆ కాస్త బరువుకే పట్టు సడలవచ్చు, పెడల్ తొక్కినప్పుడు ప్లేట్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్ మీద కూడా అనవసరంగా ఒత్తిడి పడుతుంది.

అందుకే గేర్ పడ్డాక ఎడమ పాదాన్ని పెడల్ మీద నుంచి పూర్తిగా తీసేసి పక్కనున్న ఫుట్‌రెస్ట్ మీద పెట్టండి. మీ కారులో ఫుట్‌రెస్ట్ లేకపోతే నేల మీద మడమ ఆనించండి. నాకు ఇది అలవాటు కావడానికి నెల పట్టింది. మొదటి వారం పాదం దానంతట అదే వెనక్కి వెళ్లిపోయేది. సిగ్నల్ దగ్గర ఐదారు సెకన్ల కంటే ఎక్కువ ఆగాల్సి వస్తే న్యూట్రల్ చేసి, బ్రేక్ పట్టుకుని, క్లచ్ వదిలేయండి. ముందు బండి రెండడుగులు జరిగిందని మీరూ వెంటనే జరగక్కర్లేదు. ఒక కారు పట్టేంత ఖాళీ వచ్చాక ఒకేసారి కదలండి. మధ్యలో ఆటో దూరుతుంది, దూరనివ్వండి. మీ కాలు నొప్పి సగం దీనితోనే తగ్గుతుంది.

జర్కుల సంగతి. ఒక ఆదివారం పొద్దున్నే ఖాళీ గ్రౌండ్‌కి వెళ్లండి. చదునైన నేల మీద ఫస్ట్ గేర్ వేసి, యాక్సిలరేటర్ అసలు ముట్టుకోకుండా, క్లచ్ మాత్రమే నెమ్మదిగా వదలండి. ఒక చోట బండి ముక్కు కొద్దిగా కదిలినట్టు అనిపిస్తుంది, ఇంజిన్ శబ్దం మందగిస్తుంది. అదే పట్టు దొరికే చోటు. అక్కడ పాదాన్ని ఒక్క క్షణం నిలిపితే బండి దానంతట అదే పాకుతుంది, అప్పుడు మిగతాది వదిలేయండి. మడమ నేల మీద ఆనించి పాదం ముందు భాగంతో వదిలితే అదుపు బాగా వస్తుంది. మధ్యమధ్యలో కాసేపు ఆపుతూ ఇరవై సార్లు చేయండి. ఒక్కో కారుకి ఆ చోటు ఒక్కో ఎత్తులో ఉంటుంది. కొత్త ప్లేట్ వేశాక మీ కారులోనూ మారుతుంది, అప్పుడు మళ్లీ ఇదే సాధన చేయాలి.

ఎత్తులో ఆగి కదలడం చాలామందికి భయం. విజయవాడలో ఇంద్రకీలాద్రి ఘాట్ ఎక్కేటప్పుడు నాకూ ఉండేది. హ్యాండ్‌బ్రేక్ లాగి పెట్టుకోండి. ఫస్ట్ గేర్‌లో పట్టు దొరికే చోటికి క్లచ్ వదిలి, కొద్దిగా యాక్సిలరేటర్ ఇవ్వండి. బండి ముందుకి పోవాలని చూస్తున్నట్టు తెలియగానే హ్యాండ్‌బ్రేక్ దింపండి. వెనక్కి జారదు, క్లచ్ కాలదు. వెనకవాళ్లు హారన్ కొట్టినా ఆ వరస తప్పకండి.

గేర్ ఎప్పుడు మార్చాలనేది అంకెల కంటే చెవితో నేర్చుకోవడం మంచిది. అయినా మొదట్లో ఏదో ఒక కొలత కావాలి కాబట్టి నా 1.2 లీటర్ పెట్రోల్ కారులో నేను చేసేది చెబుతాను. ఫస్ట్ గేర్ బండి కదలడానికి మాత్రమే, 15 దగ్గర సెకండ్, 30 దగ్గర థర్డ్, 45 దగ్గర ఫోర్త్, 60 దగ్గర ఫిఫ్త్. సుమారు 2000 నుంచి 2500 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) మధ్య మారుస్తాను. ఎత్తులోనో, నలుగురు కూర్చున్నప్పుడో ఇంకాస్త ఆగి మారుస్తాను. మైలేజ్ కోసమని 35 స్పీడ్‌లోనే ఫిఫ్త్ వేసి యాక్సిలరేటర్ బలంగా తొక్కేవాళ్లను చూస్తుంటాను. బండి వణుకుతూ గుడగుడమంటుంది. ఇంజిన్‌కి అది మంచిది కాదు, పెట్రోల్ కూడా ఆదా కాదు. ఆ గుడగుడ వినిపిస్తే గేర్ తగ్గించండి.

గేర్ రాడ్‌ని పిడికిలితో బిగించి పట్టుకోకండి. మన ఫైవ్ స్పీడ్ కార్లలో న్యూట్రల్‌కి తెచ్చి వదిలితే రాడ్ దానంతట అదే మధ్యకి, అంటే థర్డ్, ఫోర్త్ వరసలోకి వస్తుంది. సెకండ్ నుంచి థర్డ్‌కి వెళ్లేటప్పుడు అరచేతితో ముందుకి నెడితే చాలు. ఫిఫ్త్ నుంచి ఫోర్త్‌కి వచ్చేటప్పుడు ఇంకా ముఖ్యం. బలంగా ఎడమవైపు తోసి వెనక్కి లాగితే సెకండ్‌లో పడే ప్రమాదం ఉంది. హైవే స్పీడ్‌లో అలా పడి క్లచ్ వదిలితే చక్రాలే ఇంజిన్‌ని హద్దు దాటి తిప్పేస్తాయి, ఇంజిన్ మరీ వేగంగా తిరగకుండా చూసే రెవ్ లిమిటర్ కూడా దాన్ని ఆపలేదు. మార్చడం అయిపోయాక చెయ్యి స్టీరింగ్ మీదకి రావాలి. రాడ్ మీద చెయ్యి బరువు మోపి ఉంచితే లోపల గేర్లని జరిపే ఫోర్కులు అరుగుతాయి.

స్పీడ్ బ్రేకర్ వస్తే ముందు బ్రేక్‌తో వేగం తగ్గించి, ఆ తర్వాత క్లచ్ తొక్కి సెకండ్ వేయండి, క్లచ్ నెమ్మదిగా వదిలి దాటండి. చాలామంది దూరం నుంచే క్లచ్ తొక్కేసి జారుకుంటూ వస్తారు, అప్పుడు బ్రేకులకి ఇంజిన్ సాయం ఉండదు. రివర్స్ మాత్రం బండి పూర్తిగా ఆగాకే.

ఘాట్ రోడ్ల గురించి మీరు అడగలేదు, కానీ కొత్త కారు కొన్నవాళ్లం ముందు వెళ్లేది తిరుమలకో, శ్రీశైలానికో, అరకుకో కదా. అందుకని చెబుతున్నాను. మా పెదనాన్న ఆర్టీసీ డ్రైవర్‌గా చేశారు. "ఏ గేర్‌లో ఎక్కావో అదే గేర్‌లో దిగు" అనేవారు. తిరుమల నుంచి దిగే మొదటి ఘాట్ 1944లో వేసిన రోడ్డు, హెయిర్‌పిన్ మలుపులు ఎక్కువ. నేను చాలావరకు సెకండ్‌లోనే దిగుతాను. యాక్సిలరేటర్ మీద కాలు లేకుండానే ఇంజిన్ బండిని పట్టి ఉంచుతుంది, బ్రేక్ మలుపుల దగ్గర మాత్రమే వాడతాను. ఒకసారి మా బావ అరకు నుంచి దిగుతూ పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేశాడు. అనంతగిరి దాటాక బ్రేకుల వాసన వచ్చింది, ఆ తర్వాత పెడల్ మెత్తబడి లోపలికి పోవడం మొదలైంది. పక్కన పిల్లలున్నారు. అప్పటికి కొంచెం సమతలం వచ్చింది కాబట్టి సెకండ్ వేసి, హ్యాండ్‌బ్రేక్ మెల్లగా లాగి ఆపగలిగాం. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

పైగా ఆ ఆదా కూడా నిజం కాదు. ఇప్పటి ఇంజెక్షన్ కార్లలో గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలి దిగుతున్నప్పుడు ఇంజెక్టర్లు పెట్రోల్ ఆపేస్తాయి, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగకుండా ఉండడానికి పెట్రోల్ కాలుతూనే ఉంటుంది. ఇంజిన్ ఆఫ్ చేసి దిగడం ఇంకా ఘోరం. మన కాలి ఒత్తిడికి బలం చేర్చే బ్రేక్ బూస్టర్‌లో ఉన్న వాక్యూమ్ రెండు మూడు తొక్కులకే అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

ఇక మీ బండి దగ్గరికి వస్తే, క్లచ్ మార్పించే ముందు ఒకసారి మీరే చూసుకోండి. ఖాళీ రోడ్డు మీద ఫోర్త్ గేర్‌లో 40 స్పీడ్‌లో వెళ్తూ యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు ఎగిరి, స్పీడ్ మాత్రం పెరగకపోతే ప్లేట్ జారుతున్నట్టే, మార్పించండి. ముల్లూ స్పీడూ కలిసి నెమ్మదిగా పెరిగితే పట్టు ఇంకా బాగానే ఉందని అర్థం, అప్పుడు జర్కులకి కారణం ఎక్కువగా వదిలే పద్ధతిలోనే ఉండవచ్చు. మార్పించాల్సి వస్తే క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మూడూ కలిపి వేయించండి. గేర్‌బాక్స్ దింపే కూలీ ఎలాగూ ఒకటే. చూశాక ఏం తేలిందో ఇక్కడే రాయండి, బండి మోడల్, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చెబితే ఇంకొంచెం వివరంగా చెబుతాను.