బడి మాన్పిస్తే లక్ష మిగులుతుందా?

ప్రశ్న: మాది రాజాం. మావారికి ప్రైవేటు కంపెనీలో నెలకు 38,000 జీతం. నేను ప్రైవేటు బడిలో టీచర్‌ని, 11,000 ఇస్తారు. పాపకు వచ్చే జనవరికి పదేళ్లు నిండుతాయి, బాబుకు ఏడేళ్లు. ఇద్దరికీ కలిపి ఏడాదికి ఫీజు 70,000, బస్సు 18,000, పుస్తకాలు, యూనిఫాం 16,000. అద్దెతో సహా ఇంటి ఖర్చు నెలకు 27,000. లక్ష రూపాయల చీటీకి నెలకు 5,000 కడుతున్నాం, ఇంకో ఆరు నెలలుంది. పాప పేరిట ఏమీ దాచలేదు. ఉద్యోగం మానేసి పిల్లలకు ఇంట్లోనే చదువు చెబుదామనుకుంటున్నాను. ఏడాదికి లక్ష మిగులుతుంది కదా? ప్రభుత్వం నుంచి చిక్కులేమైనా వస్తాయా?

జవాబు: మిగలదమ్మా. మీరు ఫీజులు లెక్కేశారు గానీ మీ జీతం వేయలేదు. వేసవి రెండు నెలలూ జీతం రాదనుకున్నా ఏడాదికి 1,10,000 పోతుంది. బడి ఖర్చు 1,04,000 తగ్గుతుంది నిజమే. కానీ పుస్తకాలు, ఇంటర్నెట్, సైన్సు ప్రయోగాల సామాను, హిందీకో లెక్కలకో వారానికి రెండు రోజులు వచ్చే మాస్టారు, ఆటల కోచింగ్ కలిపితే 45,000కి తక్కువ కాదు. అంటే మిగిలేది 59,000, పోయేది 1,10,000. ఏడాదికి 51,000 లోటు, నెలకు 4,250.

ఇప్పుడు చీటీ కాక మిగతా ఖర్చులన్నీ పోను నెలకు దాదాపు 11,500 చేతిలో ఉంటోంది. రేపు 7,250 ఉంటుంది, అందులో 5,000 చీటీకే పోతుంది. ఇల్లు గడవకపోదు. కానీ సంపాదించేది ఒక్కరే అయ్యాక జ్వరమొచ్చినా అప్పు చేయాల్సి వస్తుంది. మీవారి జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ వైద్య బీమా) వర్తించదు. కంపెనీ ఆరోగ్య బీమా ఇస్తోందో లేదో ముందు కనుక్కోండి. ఆయన పేరిట కనీసం 50 లక్షల టర్మ్ జీవిత బీమా పాలసీ తీసుకున్నాకే మీరు రాజీనామా ఇవ్వండి.

లోటు పూడ్చే దారి మీ చేతిలోనే ఉంది. సాయంత్రం వీధిలో ఎనిమిది మంది పిల్లలకు తలా 500కి ట్యూషన్ చెప్పినా నెలకు 4,000 వస్తుంది. ఇక చీటీని తొందరపడి పాడకండి, పాటలో కొంత డబ్బు తగ్గిపోతుంది. చివరిదాకా ఆగి ఎత్తుకున్న డబ్బుతో బంగారం కొనొద్దు, బ్యాంకులో ఫిక్సెడ్ వేయండి. ఏడాది తర్వాత ఇంటి చదువు కుదరలేదని తేలితే ఇద్దరినీ తిరిగి బడిలో వేయడానికి అవే ఆధారం. ఆ నిధి లేకుండా మాన్పించడానికి నేను ఒప్పుకోను.

ప్రభుత్వం సంగతి. విద్యాహక్కు చట్టం (2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు) 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకు ఈ శిక్ష అని మాత్రం ఆ చట్టంలో లేదు. ఇంటి చదువుకు విడిగా అనుమతిచ్చే పద్ధతీ లేదు. కాబట్టి మీ పిల్లలు బడి బయటి పిల్లల జాబితాలోకి ఎక్కితే విద్యాశాఖ నుంచి గానీ సచివాలయం నుంచి గానీ ఎవరైనా వచ్చి అడగొచ్చు. వాళ్లతో వాదన వద్దు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అదే ఎన్‌ఐఓఎస్, బేసిక్ స్థాయిల్లో నమోదు చేయించి ఆ కాగితం చూపండి. ఎ, బి, సి స్థాయిలు వరసగా 3, 5, 8 తరగతులకు సమానం. నమోదు దాని గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారానే.

తల్లికి వందనం మీ ఆదాయానికి ఎలాగూ రాదు. వస్తున్న కుటుంబాలు మాత్రం గుర్తుంచుకోవాలి: 75 శాతం హాజరు ఉంటేనే బిడ్డకు 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. బడి మాన్పిస్తే ఆ డబ్బు రాదు. ఇక మీవారి జీతానికి కొత్త విధానంలో ఆదాయపు పన్నే పడదు, కాబట్టి ఫీజు మీద పన్ను మినహాయింపు పోతుందన్న బెంగ అక్కర్లేదు.

వెనక్కి రావడం 14 ఏళ్లలోపు తేలిక. వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని చట్టమే చెబుతోంది, ప్రభుత్వ బడికి ఫీజు లేదు. తొమ్మిదో తరగతి నుంచే తలనొప్పి. బాబుకు కోరుకొండ సైనిక్ స్కూల్ ఆలోచన ఉంటే తొమ్మిదిలో చేరడానికి గుర్తింపున్న బడిలో ఎనిమిది పాసవ్వాలి. లేదంటే 14 నిండాక ఎన్‌ఐఓఎస్ పదో తరగతి నేరుగా రాయించొచ్చు: ఐదు సబ్జెక్టులు, అందులో కనీసం ఒక భాష, పాసుకు 33 శాతం, నమోదు ఐదేళ్లు చెల్లుతుంది. పాత బడి కాగితం లేకపోయినా స్వీయ ధ్రువీకరణ చాలు. పదికీ ఇంటర్‌కీ మధ్య రెండేళ్ల తేడా ఉండాలి. ఇది చూసుకోక ఏడాది పోగొట్టుకునే వాళ్లుంటారు.

చాలామంది మరిచేది స్థానికత. ఇంజినీరింగ్, మెడిసిన్ లాంటి కోర్సుల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. మామూలుగా నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్లు చూస్తారు. మీ పిల్లలకు అవి ఉండవు కనుక, అర్హత పరీక్షకు, అంటే ఇంటర్‌కు ముందు వరుసగా నాలుగేళ్లు ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలో నివాసమున్నట్టు తహసీల్దారు పత్రం కావాలి. అందుకోసం అద్దె ఒప్పందాలు, కరెంటు బిల్లులు ఏటా ఒక ఫైలులో పెట్టండి. విశాఖకు మారినా ఫర్వాలేదు. మీవారికి బరంపురమో హైదరాబాదో బదిలీ అయి పిల్లలనూ తీసుకెళ్తే ఆ నాలుగేళ్లు తెగిపోతాయి.

మాన్పించేది ఏప్రిల్‌లోనే, ఫీజు బాకీ తీర్చి టీసీ, మార్కుల కార్డులు చేతికి తీసుకున్నాకే. మధ్యలో మాన్పిస్తే ఏడాది ఫీజు మొత్తం అడుగుతారు.

సుకన్య సమృద్ధి పొదుపు ఖాతాకు మాత్రం ఏప్రిల్ దాకా ఆగకండి. పాపకు పదేళ్లు నిండకముందే తెరవాలి, అంటే జనవరిలోపే. 250 రూపాయలతో మొదలుపెట్టొచ్చు. 2024 జనవరిలో వడ్డీ 8.2 శాతం చేశారు. నెలకు 1,000 చొప్పున వేస్తే, అదే వడ్డీ ఉంటే, పాపకు 18 వచ్చేసరికి దాదాపు 1,35,000 అవుతుంది. పైచదువుకు అందులో సగం దాకా తీసుకోవచ్చు, అదీ కాలేజీ సీటు కాగితం చూపితేనే. ఇంటి చదువు ఖర్చుకు ఈ డబ్బు అందదు. పాప జనన ధ్రువపత్రం, మీ ఆధార్, పాన్ తీసుకుని పోస్టాఫీసుకు వెళ్లండి.