శాంతి ఆత్మకా, జీవుడికా?

సందేహం: సంతాప సందేశాల్లో ‘ఆయన ఆత్మకు శాంతి కలగాలి’ అని రాస్తున్నాం. ఆత్మకు చావుపుట్టుకలే లేవని గీత చెబుతుంటే, ఇక దానికి అశాంతి ఎక్కడిది? ‘జీవుడికి’ అనాలా? అసలు ప్రాణం, జీవుడు, ఆత్మ ఒకటేనా?

సమాధానం: ఒకటి కావు. మన నోట వచ్చే మాటల్లోనే తేడా ఉంది. ‘ప్రాణాలు పోయాయి’ అంటాం, ‘జీవుడు పోయాడు’ అంటాం. ప్రాణాలు ఐదు కాబట్టి బహువచనం. సంస్కృత నిఘంటువు అమరకోశమూ ‘ప్రాణాః’ అని బహువచనంలోనే చెప్పింది. పోతన గజేంద్రుడి మొర చూడండి:

‘లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యెఁ, బ్రాణంబులున్ ఠావుల్ దప్పెను...’

ప్రాణంబులు, ఠావుల్: రెండూ బహువచనాలే. ప్రాణవాయువుకు ఠావు హృదయం, అపానానికి గుదం, సమానానికి నాభి, ఉదానానికి కంఠం, వ్యానానికి ఒళ్ళంతా. ఐదూ ఒక్కసారిగా చోటు తప్పాయంటోంది ఆ ఏనుగు. శాస్త్రమంతా రెండు మాటల్లో ఇమిడింది! ఈ పద్యాన్ని బట్టీ పట్టించి, ‘ఠావుల్’ దగ్గర ఆగకుండా దాటించేస్తున్నారే, అదీ బాధ.

ఇక జీవుడు. ‘జీవ’ ధాతువుకు ధాతుపాఠం (సంస్కృత క్రియామూలాల పట్టిక) ఇచ్చిన అర్థం ‘ప్రాణధారణే’, అంటే ప్రాణాలను నిలపడం. ఆ ఐదింటినీ పట్టి నిలిపేవాడు జీవుడు. పట్టు వదిలి, గాలి పూలవాసనను మోసుకుపోయినట్టు మనసునూ ఇంద్రియాలనూ వెంటబెట్టుకుపోయేదీ ఇతడే (గీత 15–8). కర్మఫలం ఇతడిదే. అందుకే తెలుగులో చక్కగా డుప్రత్యయం చేరి, రాముడు, దేవుడు లాగా మహద్వాచకమయ్యాడు (పురుషుణ్ణి చెప్పే మాట).

ఆత్మకు ‘తాను’ అని అర్థం. ‘సర్వముఁ దానయైనవాఁ డెవ్వఁడు, వాని నాత్మభవు’ అన్నచోట పోతన ‘తాను’నూ ‘ఆత్మ’నూ పక్కపక్కనే పెట్టాడు. ఆత్మభవుడంటే తనంత తాను కలిగినవాడు. అమరంలో యత్నం, ధృతి, బుద్ధి, స్వభావం, బ్రహ్మం, ఆఖరికి దేహం కూడా ఆత్మే.

కాబట్టి మీ వాక్యం తప్పని కొట్టెయ్యలేను. జీవుడూ బ్రహ్మమూ ఒకటేననే అద్వైతికి పొసగదు, శాంతం ఆత్మ స్వరూపమే గనక. విశిష్టాద్వైతికీ ద్వైతికీ జీవాత్మ వేరుగా ఉంది, వారికి చెల్లవచ్చు. ‘సద్గతి కలగాలి’ అంటే ఎవరికీ పేచీ లేదు.

‘ఆ ఇంట్లో ఆత్మ తిరుగుతోంది’ అనే సినిమా తెలుగును మాత్రం ఒప్పుకోను. దానికి దయ్యం ఉంది, ప్రేతం ఉంది. ప్ర, ఇత: వెళ్ళిపోయినది. పోయినవారిని పితరులతో కలిపే సపిండీకరణ కర్మ దాకా ప్రేతం, ఆపైన పితృదేవత. ఆత్మను అక్కడికి లాగకండి.