పిల్లవాడికి గుమ్మంలోకే సిగరెట్లు తెచ్చిచ్చారు: ఎవరిపై ఫిర్యాదు చేయాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంటర్ చదువుతున్న మా అబ్బాయికి 16 ఏళ్లు. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్లిన సమయంలో, నిమిషాల్లో సరుకులు తెచ్చిచ్చే ఒక యాప్‌లో వాళ్ల నాన్న ఖాతా నుంచి రెండుసార్లు సిగరెట్లు తెప్పించుకున్నాడు. ఒక వేప్ (ఈ-సిగరెట్) కూడా కొరియర్‌లో వచ్చింది. దానిలో నికోటిన్ లేదని డబ్బా మీద రాసి ఉంది. తెచ్చినవాళ్లు వయసు అడగనే లేదట. యాప్ వాళ్లను నిలదీస్తే, 18 ఏళ్లు నిండాయని ఖాతాలో టిక్ పెట్టారు కదా అంటున్నారు. ఇలా అమ్మవచ్చా? ఫిర్యాదు చేస్తే కేసు మా అబ్బాయి మీదే పడుతుందా?

జవాబు: ముందుగా మీ భయం సంగతి. సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం, 2003లోని 6వ సెక్షన్ 18 ఏళ్లలోపు వారికి పొగాకు అమ్మేవారిని శిక్షిస్తుందే తప్ప, కొన్న పిల్లలను కాదు. కాబట్టి సిగరెట్ల విషయంలో మీ అబ్బాయి మీద కేసు అవుతుందన్న సందేహం పెట్టుకోకండి.

పెద్దవారికి ఆన్‌లైన్‌లో సిగరెట్లు అమ్మకూడదని ఈ చట్టంలో ఎక్కడా లేదు. 2003 నాటికి పాన్‌డబ్బా, కిరాణా కొట్టు తప్ప ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లు చట్టం రాసినవారి ఊహలో లేవు. అయితే 6వ సెక్షన్ ప్రకారం పిల్లలకు పొగాకు అమ్మరాదు, అమ్మజూపరాదు, అమ్మకాన్ని అనుమతించరాదు. ఈ మూడో మాట యాప్‌కు సైతం వర్తిస్తుందనే నా అభిప్రాయం. పైగా, కొన్నవాడు మైనరు కాదని నిరూపించే బాధ్యతను 2004 నాటి నియమాలు అమ్మినవాడి మీదే పెట్టాయి. ఖాతా తండ్రిది కావచ్చు, టిక్ ఆయనే పెట్టి ఉండవచ్చు; కానీ ప్యాకెట్టు అందుకున్న చేయి ఎవరిదో చూడవలసిన క్షణం గుమ్మం దగ్గరే వస్తుంది, అక్కడ ఎవరూ చూడలేదు. ఇదే నియమాలు వెండింగ్ మెషీన్ ద్వారా పొగాకు అమ్మడాన్ని కూడా నిషేధించాయి. యంత్రం కొనేవాడి వయసు చూడలేదు కనుక దాన్ని వద్దన్న చట్టం, టిక్ పెట్టిన గడే చాలినంత జాగ్రత్త అని ఒప్పుకుంటుందని నేను అనుకోను.

అయితే ఈ సెక్షన్ ఉల్లంఘనకు జరిమానా రూ. 200కు మించదు. ఇన్నేళ్లుగా ఇంత చిన్న మొత్తాన్ని అలాగే ఉంచడం నాకు బాధ కలిగిస్తుంది. మీకు అసలైన బలం బాలల న్యాయ చట్టం, 2015లోని 77వ సెక్షన్. వైద్యుడి ఆదేశం లేకుండా బాలలకు మద్యం, మాదకద్రవ్యాలు, పొగాకు ఉత్పత్తులు ఇచ్చినా, ఇప్పించినా ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. 'ఇప్పించినా' అన్న మాట ముఖ్యమైనది. ఎండలో బండి మీద తిరిగి బతికే డెలివరీ కుర్రవాడి దగ్గరే కేసు ఆగిపోకూడదు; వయసు చూడకుండానే ప్యాకెట్టు చేతిలో పెట్టే పద్ధతిని నడుపుతున్నవారిని కూడా ఫిర్యాదులో చేర్చండి. బాలుడన్న సంగతి తమకు తెలియదని వారు వాదిస్తారు. కావాలనే తెలుసుకోలేదని మీ న్యాయవాది బదులు చెప్పవలసి ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దీన్ని ముందే తెలుసుకుని వెళ్లండి. 2021 సవరణ తర్వాత, మూడు నుంచి ఏడేళ్ల వరకు శిక్ష పడే బాలల న్యాయ చట్టపు నేరాలు నాన్-కాగ్నిజబుల్ అయ్యాయి, అంటే మేజిస్ట్రేటు ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. స్టేషన్‌లో ఎఫ్.ఐ.ఆర్. కుదరదంటే నిరాశతో తిరిగి రావద్దు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 174వ సెక్షన్ ప్రకారం మీ ఫిర్యాదును పుస్తకంలో నమోదు చేసి మిమ్మల్ని మేజిస్ట్రేటు దగ్గరకు పంపడం వారి విధి. 223వ సెక్షన్ కింద మీరే నేరుగా మేజిస్ట్రేటు ముందు ప్రైవేటు ఫిర్యాదు కూడా వేయవచ్చు.

వేప్ సంగతి ఇంకా సూటిగా ఉంది. 2019 నాటి ఈ-సిగరెట్ల నిషేధ చట్టం వాటి తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నిటినీ నిషేధించింది. ఆన్‌లైన్ అమ్మకాన్ని పేరు పెట్టి మరీ చేర్చింది. కొన్నవారి వయసుతో దీనికి పని లేదు. నికోటిన్ ఉన్నా లేకపోయినా నిర్వచనంలోకి వస్తుంది కనుక డబ్బా మీది రాత వారిని కాపాడదు. మొదటి నేరానికి ఏడాది వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. సబ్-ఇన్‌స్పెక్టరు, ఆ పై హోదా పోలీసు అధికారులకు సోదా చేసే అధికారం ఉంది. ఆ వేప్‌ను ఇంట్లో ఉంచుకోకుండా, పంపినవారి చిరునామా ఉన్న కవరుతో సహా స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోండి.

అమెరికాలో 2010లో వచ్చిన ప్యాక్ట్ చట్టం కింద, దూరం నుంచి సిగరెట్లు అమ్మేవారు ఆర్డరు తీసుకునేటప్పుడే వయసు సరిచూడాలి, అందజేసేటప్పుడు గుర్తింపు కార్డు చూసి పెద్దవారి చేత సంతకం చేయించుకోవాలి. కొద్ది మినహాయింపులు తప్ప తపాలా ద్వారా సిగరెట్లు పంపడానికే వీల్లేదు. మన చట్టంలో గుమ్మం దగ్గర ఏం చేయాలో ఇంత వివరంగా రాసి లేదు. ఆ లోటును పార్లమెంటు పూడ్చే వరకు ఉన్న సెక్షన్లతోనే పోరాడవలసి ఉంటుంది.

ఈ వారంలోనే చేయవలసిన పనులు చెబుతాను. ఆర్డరు వివరాలు, అమ్మిన దుకాణం పేరు ఉన్న బిల్లు, యూపీఐ చెల్లింపు తెరలను ఫొటో తీసి, ఫోన్‌లోని అసలు సమాచారాన్ని చెరిపేయకుండా ఉంచండి. కోర్టులో వాటికి ఎలక్ట్రానిక్ సాక్ష్యాలకు కావలసిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం జతచేయాలి. గేటు దగ్గర సీసీ కెమెరా ఉంటే ఆ రోజుల రికార్డును వెంటనే అడగండి, చాలాచోట్ల పాతది కొద్ది రోజుల్లోనే చెరిగిపోతుంది. వయసుకు పదో తరగతి మెమో చాలు. యాప్ గ్రీవెన్స్ ఆఫీసరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. వారి జవాబు ఏదైనా, తర్వాత మీకు సాక్ష్యంగా పనికొస్తుంది.

మీ అబ్బాయి మానడానికి సాయం కావాలంటే జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఫిర్యాదులో అతని వాంగ్మూలం అవసరమవుతుంది కాబట్టి, మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్లేముందు అతనితో కూర్చుని, తనపై కేసు పెట్టడానికి కాదని స్పష్టంగా చెప్పండి.