సంక్షోభాల గురించి రాయాలంటే ముందు బాకీల పట్టిక చదవాలి

ప్రశ్న: కామర్స్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ప్రపంచ ఆర్థిక ముప్పులు, కరెన్సీ సంక్షోభాల మీద పుస్తకాలు రాయాలని కోరిక. రాబోయే పతనాన్ని ముందే పసిగట్టి చెప్పగలగాలంటే ఎకనామిక్స్‌లో పీజీ చేయాలా, జర్నలిజమా, లేక ఎఫ్‌ఆర్‌ఎం (ఫైనాన్షియల్ రిస్క్ మేనేజర్) పరీక్ష రాయాలా? రాతను నమ్ముకుంటే పూట గడవదని ఇంట్లో అంటున్నారు.

జవాబు: ఇంట్లోవారి మాటలో సగం నిజముంది. దాని సంగతి తర్వాత చూద్దాం. పతనాన్ని ముందే చెప్పాలన్న మీ కోరికే నన్ను ఎక్కువ కంగారు పెడుతోంది. ఈ రంగంలో జోస్యాల గిరాకీకి కొదవ లేదు. 1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ డాలర్‌కూ బంగారానికీ ఉన్న ముడి తెంచారు. డాలర్ పని అయిపోయిందన్న మాట అప్పటి నుంచీ వినిపిస్తూనే ఉంది. అర్ధశతాబ్దం గడిచినా ప్రపంచ దేశాల విదేశీ మారక నిల్వల్లో సగానికి పైగా డాలర్లే. ఎన్నడో ఒకనాడు ఆ మాట నిజం కావచ్చు. అంతవరకూ తేదీలు మారుస్తూ రాసుకుపోతే అది ఆర్థిక రచన అనిపించుకోదు, పంచాంగ శ్రవణం అవుతుంది.

చదవదగిన రచయితలు చేసే పని వేరు. ఒక దేశం ఎవరికి బాకీ పడింది, ఏ కరెన్సీలో పడింది, ఎప్పటిలోగా తీర్చాలి అన్నది తవ్వి తీస్తారు. 1997 నాటి థాయ్‌లాండ్‌నే చూడండి. తమ కరెన్సీ బాత్ విలువను డాలర్‌కు 25 దగ్గర నిలబెట్టడానికి అక్కడి కేంద్ర బ్యాంకు నానా తంటాలు పడింది. పైకి చూస్తే 3,000 కోట్ల డాలర్లకు మించిన నిల్వలు. కానీ అందులో దాదాపు 2,300 కోట్ల డాలర్లను తర్వాతి నెలల్లో ఇస్తామని ముందస్తు ఒప్పందాలు చేసుకుని ఉన్నారు. ఆ లెక్క బయటివారికి కనబడలేదు. జులై 2న బాత్‌ను మార్కెట్‌కు వదిలేయక తప్పలేదు. 1998 జనవరికల్లా డాలర్‌కు 50 బాత్‌లు దాటాయి. ఆ దెబ్బతోనే 1999లో అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) నిల్వల పక్కనే ఇలాంటి ముందస్తు బాకీలనూ చూపించే నమూనా పట్టికను తయారుచేసింది. ఆ పట్టిక చదవడం మీకు చేతనైతే సగం దారి నడిచినట్టే.

పాత కథే అనుకోకండి. 2022 మార్చి చివర శ్రీలంక చూపిన నిల్వలు సుమారు 190 కోట్ల డాలర్లు. వాటిలో 150 కోట్ల డాలర్ల విలువైనవి చైనా కేంద్ర బ్యాంకుతో కుదిరిన కరెన్సీ మార్పిడి ఒప్పందం కింద వచ్చిన యువాన్లు. వాటి వాడకానికి షరతులున్నాయి. చమురు ఓడకు డబ్బు కట్టాలంటే అక్కరకు రాని నిల్వ అది. ఏప్రిల్ 12న ఆ దేశం విదేశీ అప్పుల చెల్లింపులు ఆపేసింది. పాతికేళ్ల తేడాతో రెండు దేశాల్లోనూ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: చూపిన నిల్వలో ఈ రోజు చేతికి అందేది ఎంత?

ఇక చదువు. నా ఓటు ఎకనామిక్స్ పీజీకే. అంతర్జాతీయ ద్రవ్య శాస్త్రం, ఎకనామెట్రిక్స్ (గణాంకాలతో ఆర్థిక సంబంధాలను కొలిచే శాస్త్రం) గట్టిగా చెప్పే చోటు చూసుకోండి. ఎఫ్‌ఆర్‌ఎం రెండు భాగాల పరీక్ష. రెండూ గట్టెక్కాక రెండేళ్ల సంబంధిత ఉద్యోగ అనుభవం చూపితేనే ధ్రువపత్రం ఇస్తారు. అందుకని దాన్ని ఉద్యోగంలో చేరాక పెట్టుకున్నా ఆలస్యమేమీ కాదు. జర్నలిజం డిగ్రీ లేకపోయినా నడుస్తుంది. ఆర్థిక చరిత్ర మాత్రం వదలొద్దు. ఎల్‌టీసీఎం అనే హెడ్జ్ ఫండ్ (సంపన్నుల, సంస్థల డబ్బును పెట్టుబడుల్లో తిప్పే నిధి) భాగస్వాముల్లో ఇద్దరికి 1997లో ఆర్థిక శాస్త్ర నోబెల్ వచ్చింది. మరుసటి ఏడాది ఆగస్టులో రష్యా తన అప్పులు తీర్చలేనని చేతులెత్తేసింది. దాంతో ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకున్న ఆ ఫండ్ పెట్టుబడులన్నీ ఒక్కసారిగా పడిపోయాయి. అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థలో భాగమైన న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ చొరవతో 14 సంస్థలు 360 కోట్ల డాలర్లకు పైగా పోస్తే గానీ గండం గడవలేదు. ఆ ఫండ్ లెక్కల్లో ఇటీవలి కొన్నేళ్ల ధరలున్నాయి, అంతకు ముందటి భయాలు లేవు.

రాత సాధనకు డిగ్రీ చేతికొచ్చేదాకా ఆగనక్కరలేదు. ఒకే దేశాన్ని ఎంచుకోండి. దాని ఆర్థిక పరిస్థితిని సమీక్షిస్తూ ఐఎంఎఫ్ ఇచ్చే ఆర్టికల్ 4 నివేదికలు నాలుగైదేళ్లవి తీయండి. చాలావరకు ఉచితంగానే దొరుకుతాయి. ముందుమాటలు దాటేసి చివరి పట్టికలకు వెళ్లండి. ఏడాదిలోపు తీర్చాల్సిన విదేశీ అప్పు ఎలా పెరిగిందో, నిల్వలు ఎలా కదిలాయో పక్కపక్కన వేసి రెండు పేజీల వ్యాసం రాయండి. ఎక్కడ అంచనా వేసినా, ఏం జరిగితే అది తప్పవుతుందో కూడా అక్కడే రాసి పెట్టండి. ఆరు నెలలాగి మీరే దిద్దుకోండి. ఇది విసుగు పుట్టిస్తే ఈ రంగం మీకు పడదేమో. ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది.

బతుకుదెరువు మాటకొస్తే, మొదటి పదేళ్లు పుస్తకాల ఆదాయం మీద ఇల్లు నడపాలనుకోవద్దు. బ్యాంకుల రిస్క్ విభాగాలు, రేటింగ్ సంస్థలు, కేంద్ర బ్యాంకుల పరిశోధన శాఖలు, ఆర్థిక దినపత్రికలు మీకు తగిన చోట్లు. జీతంతో పాటు రాయడానికి సరుకూ అక్కడే దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: ఉద్యోగులు సొంత పేరుతో మార్కెట్ల గురించి రాయాలంటే ముందస్తు అనుమతి తీసుకోవాలని చాలా సంస్థలు నియామక పత్రంలోనే రాస్తాయి. సంతకం పెట్టే ముందు ఆ షరతు చదివి, పుస్తకానికీ వ్యాసాలకూ అనుమతి ఎలా ఇస్తారో రాతపూర్వకంగా అడగండి.