కష్టంలో పాత మేలులు గుర్తు చేసుకోవడం ఎలా?

హైటెక్ సిటీలో ఉద్యోగం పోయింది, ప్రార్థించినా భయం తగ్గడం లేదు, దేవుణ్ణి ఎలా నమ్మాలి అని అడిగారు. బైబిల్లో 77వ కీర్తన తెరవండి. దేవుడు కనికరం మరిచాడా అని కీర్తనకారుడు ఆసాపు ముందు నేరుగా అడిగేస్తాడు. 11వ వచనం దగ్గరే దేవుడు చేసిన పాత కార్యాలు తలచుకోవడం మొదలవుతుంది. బాధ దాచుకోనక్కర్లేదు, అదీ ప్రార్థనే.

తర్వాత నోట్‌బుక్‌లో దేవుడు మిమ్మల్ని ఆదుకున్న నాలుగైదు సంఘటనలు రాయండి: ఏ నెల, ఎంత ఫీజు కట్టాల్సి వచ్చింది, ఎవరి చేతుల మీదుగా సాయం అందింది. "దేవుడు మంచివాడు" అని మాత్రమే రాసుకుంటే అర్ధరాత్రి భయం ముందు అది నిలవదు. వివరం ఉంటేనే మనసుకు పట్టు దొరుకుతుంది. బైబిల్లో ఇశ్రాయేలీయులు యొర్దాను నది దాటాక 12 రాళ్లు నిలబెట్టింది, పిల్లలు అడిగితే దేవుడు దాటించిన సంగతి చెప్పడానికే. మీరూ ఇంట్లో పైకి చదవండి.

చాలామంది పొరబడేది ఒకచోట: అప్పుడు వారంలో పని దొరికింది కాబట్టి ఇప్పుడూ వారంలోనే దొరకాలని గడువు పెట్టడం. గుర్తు చేసుకోవాల్సింది ఆయన స్వభావాన్ని. కీర్తన ముగిసేసరికి ఆసాపు కష్టం తీరినట్టు ఎక్కడా లేదు.